పార్సిలు ఇంటికే తెప్పించుకోండి

ప్రశ్న: మాస్టారూ, నా వయసు 36. గాజువాకలో ఉంటాం. ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఒక పాప. తాగుడు, పేకాట లాంటివి లేవు కానీ సరదాలు ఎక్కువ. గ్యాడ్జెట్లంటే పిచ్చి. రెండు మెకానికల్ కీబోర్డులు, ఒక ఈ-రీడరు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు, ఆర్డుయినో కిట్టు (ప్రోగ్రాం రాసి లైట్లు, సెన్సర్లు నడిపించే చిన్న బోర్డు) ఉన్నాయి. పుస్తకాలు బీరువా నిండి మంచం కిందికి చేరాయి. సగం పైన చదవలేదు. అరకు కాఫీ గింజలు తెప్పించి నేనే కలుపుకుంటాను. మా ఆవిడ దాన్ని కషాయం అంటుంది. ఏడాదిగా సొంతంగా జపనీస్ నేర్చుకుంటున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేశాను. "ఇది ఇల్లేటి, కొట్టేటి? అన్నీ కొంటారు, ఒక్కటీ పూర్తి చెయ్యరు" అని ఆవిడ గోల. గొడవెందుకని ఈమధ్య పార్సిళ్ళు స్నేహితుడి షాపు అడ్రసుకి తెప్పిస్తున్నాను. మొన్న వచ్చిన కాఫీ గ్రైండరు ఇంకా అక్కడే ఉంది. వీటిలో ఒక్కటి ఉంచుకుని మిగతావి వదిలెయ్యాలా? గురువు లేకుండా భాష వస్తుందా? ఈ వయసులో ఇదంతా చిన్నపిల్లల చేష్టా?
(పేరు వెయ్యొద్దు, గాజువాక)

సమాధానం:

చివరి ప్రశ్న చిన్నది, ముందు దాని సంగతి తేల్చేద్దాం. కాదు. నాకు అరవై దాటాయి. నిన్న సాయంత్రం కూడా ఒక పాత ట్రాన్సిస్టరు విప్పి, స్క్రూ ఎక్కడో పడేసుకుని, మనవడి చేత వెతికించాను. వయసు సంగతి నన్నడిగి లాభం లేదు.

ఒక్కటి ఉంచుకుని మిగతావి వదిలెయ్యాలా అంటే, అక్కర్లేదు. కానీ మీ లెక్కలో ఒకటి తప్పిపోయింది. గ్యాడ్జెట్లు, పుస్తకాలు, కాఫీ, జపనీస్ అని నాలుగు చెప్పారు. ఐదోది కొనడం. అది కూడా సరదాయే, దానికీ టైమూ డబ్బూ కావాలి. రివ్యూలు చూడాలి, రేట్లు పోల్చాలి, పండగ ఆఫర్ల కోసం కాచుకుని కూర్చోవాలి, పార్సిలు ఎక్కడిదాకా వచ్చిందో గంటకోసారి ఫోన్ తీసి చూసుకోవాలి. జపనీస్ మూడుసార్లు మొదలుపెట్టానన్నారు కదా, ఆ మూడుసార్లూ ముందు ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. కొత్త పుస్తకమో, కొత్త యాపు చందానో, మంచి కాగితం ఉన్న నోట్‌బుక్కో కొనే ఉంటారు. కొన్న రోజు రాత్రి సగం పని అయిపోయినట్టే ఉంటుంది. నాకెలా తెలుసంటే, నా దగ్గర మూడు సోల్డరింగ్ ఐరన్లు ఉన్నాయి, చేతులు మాత్రం రెండే.

పుస్తకాలు కొని చదవకుండా పేర్చిపెట్టడానికి మీరు నేర్చుకుంటున్న భాషలోనే ఒక మాట ఉంది, త్సున్‌దోకు. 19వ శతాబ్దం నుంచీ ఉన్న మాట. అంటే ఈ జబ్బు కొత్తదీ కాదు, మీ ఒక్కరిదీ కాదు.

కాకపోతే మన ఊరితో ఒక చిక్కుంది. వేరే ఊళ్ళో అయితే వాడని వస్తువు ఓ మూల ఊరికే పడి ఉంటుంది. విశాఖలో ఊరికే ఉండదు, పాడవుతుంది. నా అనుభవం ఒకటి చెబుతాను. నేనుండేది పెదవాల్తేరు, సముద్రం ఎంతో దూరం కాదు. హుద్‌హుద్ తుపానుకి రెండేళ్ళ ముందు మంచి షార్ట్‌వేవ్ రేడియో ఒకటి కొన్నాను. అప్పటి నా జీతానికి ఎక్కువే. అంత మంచిదాన్ని రోజూ వాడితే అరిగిపోతుందని ఒక్కరోజు విని, పెట్టెలో పెట్టి అటకెక్కించాను. లోపల బ్యాటరీలు ఉన్న సంగతే మర్చిపోయాను. వంటింట్లో జిడ్డు పట్టిన పాత ట్రాన్సిస్టరు మాత్రం రోజూ మోగుతూనే ఉండేది. 2014 అక్టోబరు 12న తుపాను వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, వీధి నిండా పడిపోయిన చెట్లు. ఇప్పుడు పనికొస్తుంది కదా అని అటక మీంచి కొత్త రేడియో దింపితే, బ్యాటరీలు కారిపోయి, స్ప్రింగులు చిలుము పట్టి పొడిపొడిగా రాలాయి. తర్వాత కొన్న షాపుకి పట్టుకెళ్తే "గ్యారంటీ ఏడాదే మాస్టారూ" అని తిరిగి నా చేతిలోనే పెట్టాడు. తుపాను రాత్రి మాకు వార్తలు చెప్పింది వంటింటి ట్రాన్సిస్టరే. మీడియం వేవ్‌లో చీకటి పడ్డాక దూరపు స్టేషన్లు బాగా అందుతాయి. వీధిలో పదిమంది మా వంటింటి కిటికీ దగ్గర చేరి విన్నారు.

బ్యాటరీలు మర్చిపోవడం నా తప్పే. మిగతా పని ఉప్పు చేసింది. అలల తుంపర ఎండి, కంటికి కనపడనంత సన్నటి ఉప్పు గాలితో పాటు ఇళ్ళలోకి వస్తుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటిందంటే ఉప్పు తనంతట తానే గాలిలోని నీటిని లాక్కుని కరుగుతుంది. వానాకాలంలో ఉప్పు జాడీ చెమర్చేది అందుకే. అదే చెమ్మ మీ ఆర్డుయినో పిన్నుల మీదా, కీబోర్డు స్విచ్చుల లోపలా చేరుతుంది. రోజూ వాడే వస్తువైతే వేడెక్కుతుంది, తుడుస్తాం, చిన్న తేడా వచ్చినా వెంటనే తెలుస్తుంది. పెట్టెలో ఉన్నదాని సంగతి పాడయ్యాకే తెలుస్తుంది.

అందుకని వాడనివాటి బ్యాటరీలు ఈరోజే తీసెయ్యండి. ఈ-రీడరు కొన్నాళ్ళు పక్కన పెట్టేటట్టయితే నిండా చార్జి చేసి పెట్టకండి, పూర్తిగా దిగిపోనివ్వకండి, సగం దగ్గర ఉంచండి. సోల్డరింగ్ ఐరన్ ఆపే ముందు దాని మొన మీద కొత్త టంకం కొంచెం పూసి వదిలెయ్యండి. చాలామంది నున్నగా తుడిచి ఆపుతారు, మర్నాటికి మొన నల్లబడి టంకం అంటదు. చిన్న చిన్న బోర్డులన్నీ గాలి చొరని డబ్బాలో వేసి, తేమ పీల్చి రంగు మారే సిలికా జెల్ పొట్లం ఒకటి పడెయ్యండి. రంగు మారాక పారెయ్యక్కర్లేదు. పొట్లంలోంచి గింజలు తీసి ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఒకటి రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనిచేస్తాయి. రెండో కీబోర్డు మాత్రం అమ్మెయ్యండి. కారణం అడక్కండి, మీకూ తెలుసు.

ఇక ఆర్డుయినో కిట్టు. అందరిలాగే మీరూ చిన్న లైటు వెలిగించి ఆర్పి, అక్కడితో ఆపి ఉంటారు. దానికి ఓ నిజమైన పని చెప్పండి. మంచం కింద పుస్తకాలు బూజు పడుతున్నాయో లేదో అది కనిపెట్టాలి. డీహెచ్‌టీ22 అని తేమ కొలిచే చిన్న సెన్సరు దొరుకుతుంది. ఇప్పటిదాకా కొనడం మానమని చెప్పి ఇదొక్కటి కొనమంటున్నాను, క్షమించాలి. తేమ 70 దాటితే ఎర్ర లైటు వెలగాలి, అంతే.

అది సరైన అంకె చూపిస్తోందో లేదో ఇంట్లోనే పరీక్ష చెయ్యొచ్చు. ఒక సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేటట్టు నాలుగు చుక్కల నీళ్ళు కలపండి. నీరుగా కారకూడదు. ఆ మూతనీ సెన్సరునీ ఒకదానికొకటి తగలకుండా గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. తడి ఉప్పు పైన గాలి ఎప్పుడూ 75 శాతం దగ్గరే నిలబడుతుంది. పొద్దున్న చూసేసరికి సెన్సరు 80 చూపిస్తే, అది ఐదు ఎక్కువ చూపిస్తోందని గుర్తు. మీ పాపకి చూపించండి, స్కూల్లో చెప్పుకుంటుంది. ఆ బోర్డు మీద చిన్న తెర ఉంటే తేమ అన్న మాట జపనీస్‌లో రాయండి, షిత్సుదొ. రోజూ కనిపించే మాట మర్చిపోరు.

పుస్తకాల గురించి ఎక్కువ చెప్పను. మంచం కింద నుంచి ముందు తీయండి, అక్కడ గాలి ఆడదు. బీరువాని బయటి గోడకి ఆనించకుండా జానెడు ఎడం ఉంచండి. వానాకాలంలో ఆ గోడే ముందు చెమ్మెక్కేది. ప్లాస్టిక్ అట్టలు వేసి ఉంటే తీసెయ్యండి, లోపలి తడి బయటికి పోదు. చదవని పుస్తకాలు ఎన్నున్నాయో లెక్కపెట్టకండి, నీరసం వస్తుంది. ఒక్క అర మాత్రం "ఇప్పుడు చదివేవి" అని ఖాళీ చేసి అందులో మూడే పెట్టండి. కొత్తది చదవాలని మరీ మనసు లాగితే ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. తిరిగివ్వాల్సిన పుస్తకం సొంత పుస్తకం కంటే త్వరగా పూర్తవుతుంది, అప్పు తెచ్చుకున్న గొడుగు పోగొట్టుకోనట్టే.

జపనీస్ దగ్గర కొంచెం ఆగుతాను. మూడుసార్లు ఆపేశానని మీరు సిగ్గుపడుతున్నట్టున్నారు. నన్నడిగితే మీరు భాషని తప్పు గుమ్మంలోంచి పట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్ళ కోసం రాసిన పాఠాలతో నేర్చుకుని ఉంటారు. వాళ్ళకి కష్టమైనవి మనకి పుట్టుకతో వచ్చినవి. "నేను అన్నం తింటాను" అనే మాటని జపాన్‌వాళ్ళు "వతాషి వ గోహన్ ఒ తబెమసు" అంటారు. వరసలో ఒక్క మాట అటూ ఇటూ కాలేదు, క్రియ చివరికే వచ్చింది. గోహన్ అంటే ఉడికిన అన్నం, భోజనం కూడా. మనం "అన్నం తిన్నారా" అని అడిగితే చపాతీ తిన్నవాడు కూడా తిన్నాననే అంటాడు చూడండి, అలాగే. ప్రశ్నకి మనం చివర దీర్ఘం తీస్తాం, వాళ్ళు చివర "క" చేరుస్తారు: తబెమషిత క, తిన్నారా. "తిని వెళ్ళాను" అన్నది "తబెతె ఇకిమషిత". "వస్తాను అని అన్నాడు" అనేటప్పుడు మన "అని" ఉండే చోట వాళ్ళకి "తొ" ఉంటుంది. విభక్తులు పేరు వెనకే వస్తాయి. పెద్దవాళ్ళతో ఒకలా, తోటివాళ్ళతో ఒకలా మాట్లాడటం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. పైగా తిన్నాను, తిన్నావు, తిన్నాడు అనే తేడా క్రియలో లేదు, మూడింటికీ తబెమషితే. ఆ ఒక్క విషయంలో మన భాషే కష్టం.

అక్షరాల వరస చూశారా? అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, కి, కు, కె, కొ. తర్వాత స, త, న, హ, మ, య, ర, వ వరసలు. మన గుణింతంలా లేదూ? ఊరికే కలిసింది కాదు. బౌద్ధం వెంట సంస్కృతం రాసే సిద్ధం లిపి, సంస్కృత వర్ణక్రమం జపాన్ చేరాయి. అక్కడి పండితులు తమ అక్షరాలని ఆ క్రమంలో పేర్చుకున్నారు. "హ" ఉన్నచోట ఒకప్పుడు "ప" పలికేది, అది తెలిస్తే ప, మ, య, ర, వ అని మన వరస ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఎప్పుడైనా సాయంత్రం తొట్లకొండ ఎక్కి ఆ బౌద్ధారామం శిథిలాల దగ్గర కూర్చుని ఈ వరస చదువుకోండి. పరీక్షకి పనికి రాదు గానీ బావుంటుంది.

హిరగాన అక్షరాలు 46. రోజుకి ఐదు చొప్పున పది రోజులు. కతకాన అనే రెండో లిపికి ఇంకో పది రోజులు. అసలు కొండ కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన, ఒక్కోదానికీ ఒక అర్థం ఉండే అక్షరాలు. అక్కడి ప్రభుత్వం నిత్యవ్యవహారానికని ప్రకటించిన పట్టికలోనే 2,136 ఉన్నాయి. అక్కడ మాత్రం మన తెలుగు సాయం చెయ్యదు. మరుపు గురించి జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థంలేని అక్షరాలు తనే బట్టీపట్టి, ఎంతసేపట్లో ఎంత మర్చిపోతున్నాడో లెక్కలు రాసుకుని 1885లో అచ్చు వేశాడు. మొదటి రోజే చాలాభాగం పోతుంది, ఆ తర్వాత నెమ్మదిగా పోతుంది. కాబట్టి మర్చిపోయే ముందు మళ్ళీ చూడాలి. దానికి యాప్‌లున్నాయి, మంచివే. కానీ మీరు యాపు తెరిస్తే పక్కనే ఆఫర్లు కనబడతాయి. చెప్పుల పెట్టె ఒకటి తీసుకుని, అట్టతో ఐదు గదులు చెయ్యండి. విజిటింగ్ కార్డంత ముక్కల మీద ఒకవైపు కాంజీ, వెనకవైపు అర్థం. గుర్తున్న ముక్క తర్వాతి గదిలోకి, మర్చిపోయింది మళ్ళీ మొదటి గదిలోకి. మొదటి గది రోజూ, రెండోది రెండు రోజులకోసారి, ఐదోది నెలకోసారి చూస్తే చాలు. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో పుస్తకం రాసి ప్రచారం చేసిన పద్ధతి ఇది. ఖర్చు సున్నా.

మీరు ఆపెయ్యడానికి ఇంకో కారణం మీ డ్యూటీ. రోజూ రాత్రి తొమ్మిదికి చదువుతానని పెట్టుకుంటారు. బి షిఫ్టు వారం రాగానే ఆ తొమ్మిది పోతుంది, దాంతో పాటు చదువూ పోతుంది. గడియారాన్ని నమ్ముకోకండి. షిఫ్టు ఏదైనా డ్యూటీ బస్సు ఎక్కడం ఉంటుంది కదా, సీట్లో కూర్చోగానే జేబులోంచి పదిహేను ముక్కలు తియ్యండి. బస్సు దిగాక జపనీస్ గుర్తుకొచ్చినా పట్టించుకోవద్దు.

గురువు లేకుండా వస్తుందా అంటే, చదవడం, రాయడం, వినడం చాలా దూరం వస్తాయి. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలు జులైలో, డిసెంబరులో ఉంటాయి. ఎన్5 అన్నిటికంటే కింది మెట్టు. గుర్తుంచుకోవాల్సింది, ఆ పరీక్షలో మాట్లాడించరు. పాసై కూడా నోరు పెగలనివాళ్ళు ఉంటారు. మాట్లాడటానికి మాత్రం మనిషి కావాలి. ఎన్5 దాటాక ఆ ఖర్చు పెట్టండి, అప్పుడు అది దండగ కాదు.

ఇప్పుడు కాఫీ. మీ ఆవిడ కషాయం అంటున్నారంటే ఆవిడ నాలుకని తప్పు పట్టకండి. మన ఇళ్ళలో పెరిగిన నాలుకకి అలవాటు పాలు, చక్కెర, చికోరీ కలిసిన డికాక్షన్. చికోరీ ఒక మొక్క వేరు, దాంట్లో కెఫీన్ ఉండదు, డికాక్షన్‌కి చిక్కదనం, రంగు ఇస్తుంది. మీరు తెప్పించేది బహుశా తక్కువ వేపిన గింజలు. పాలు లేకుండా తాగితే వాటిలో పండ్ల పులుపు తెలుస్తుంది, అదే మీకు నచ్చేది. అందులో పాలు పోస్తే పల్చగా, వింతగా ఉంటుంది. అరకు కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన పెరిగిన అరబికా అది. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా ఆవిడకి నచ్చే తీరాలని లేదు. ఈసారి కాస్త ఎక్కువ వేపిన గింజలు వంద గ్రాములే తెప్పించండి. మన ఊరి తేమకి పావుకిలో పొట్లం విప్పితే సగంలోనే వాసన పోతుంది.

సి షిఫ్టులో ఉన్నప్పుడు ఒక జాగ్రత్త. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి కప్పు తాగితే, తొమ్మిదింటికి మీరు పడుకునేసరికి అందులో సగం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఒంటిగంట లోపు ముగించండి. నిద్ర చాలకపోతే ఆ చెప్పుల పెట్టెలో ముక్కలూ నిలవవు.

అసలు విషయం చివర్లో, అదీ ఒక్క వాక్యంలో రాశారు. స్నేహితుడి షాపు అడ్రసు. పేకాట లేదన్నారు, నిజమే. కానీ పేకాటరాయుడు కూడా మొదట దాచేది డబ్బు కాదు, ఎక్కడికెళ్ళాడన్న సంగతి. మీ ఆవిడ మాటలో రెండు ముక్కలున్నాయి. "ఒక్కటీ పూర్తి చెయ్యరు" అన్నది వదిలెయ్యండి. సరదాకి పూర్తవడం అంటూ ఏముంటుంది? "ఇది ఇల్లేటి, కొట్టేటి" అన్నది మాత్రం వినండి. మంచం కింద ఊడ్చేది ఎవరు? చీపురుకి అడ్డం వచ్చేది మీ పుస్తకాలే కదా.

ఇకమీదట ఏదైనా కొనాలనిపిస్తే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి, ధరతో సహా. ఏ, బి, సి మూడు షిఫ్టులూ ఒక చుట్టు తిరిగేదాకా ఆగండి. అప్పటికీ కావాలనిపిస్తే, అది వచ్చిన మొదటి సాయంత్రం దాంతో ఏం చేస్తారో ఆవిడకి ఒక్క మాటలో చెప్పండి. చెప్పగలిగితే కొనుక్కోండి, లేకపోతే కాగితం చింపెయ్యండి. నేనైతే మూడింట్లో రెండు చింపాను. మూడోది మా ఆవిడే చింపేసింది.

ఆ గ్రైండరు వెనక్కి పంపక్కర్లేదు. వచ్చే వీక్లీ ఆఫ్ నాడు ఇంటికి తెచ్చెయ్యండి. ఫిల్టరుకి పొడి మరీ మెత్తగా పట్టకండి, డికాక్షన్ దిగదు. మరీ బరకగా పడితే నీళ్ళలా జారిపోతుంది. బొంబాయి రవ్వ కంటే కొంచెం మెత్తగా ఉంటే చాలు. మరిగే నీళ్ళు దించి అర నిమిషం ఆగి పొయ్యండి, ఓ పావుగంట కదిలించకండి. ఆవిడ కప్పులో చికోరీ కలపడానికి నామోషీ పడకండి. గ్రైండరు పెట్టె మాత్రం ముందే విప్పేసి తేవద్దు, ఆవిడ ముందే విప్పండి. లోపల బిల్లు ఉంటుంది, తీసెయ్యకండి.